ఒకే ఎన్‌క్లోజర్‌లో వేర్వేరు సరీసృపాలు: తిరుపతి వాతావరణంలో ఎలా నిర్ణయించాలి, ఎలా ఏర్పాటు చేయాలి

సరీసృపాలను పెంచే ఇంట్లో ఏదో ఒక రోజు ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇగువానా (కొమ్మలెక్కే పెద్ద బల్లి జాతి) కోసం పెద్ద ఎన్‌క్లోజర్ (గూడు) కట్టించాం, అది ఎప్పుడూ పైన కొమ్మల మీదే ఉంటుంది, కింద నేలంతా ఖాళీ. అక్కడ ఒక తాబేలును వదిలితే చోటూ కలిసివస్తుంది, చూడటానికీ బాగుంటుంది కదా అనిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. చాలా సందర్భాల్లో వద్దు. అతి కొద్ది సందర్భాల్లో చేయవచ్చు, కానీ దానికి నెలల ముందునుంచే తయారీ కావాలి. ఆ తయారీ ఎలాగో కింద వరుసగా రాస్తున్నాను. ఇందులో ఏ ఒక్క పని మీకు కుదరకపోయినా అక్కడే ఆగి, రెండు వేర్వేరు గూళ్లు కట్టించుకోండి. జంతువులకు అందులో లోటేమీ ఉండదు. వాటికి తోడు కావాలన్న ఆశ మనదే తప్ప వాటిది కాదు. మనం ఇళ్లలో పెంచే సరీసృపాలు దాదాపు అన్నీ ఒంటరిగా హాయిగా బతికేవే.

ముందు చట్టం

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మన చుట్టూ తిరిగే జంతువులతో ఈ పని మొదలుపెట్టకండి. వేరుసెనగ చేల గట్ల మీద, కంప చెట్ల కింద కనిపించే నక్షత్ర తాబేలు, ఉడుము, కొండచిలువ మూడూ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. 2022 సవరణ తర్వాత ఈ షెడ్యూలు జంతువుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసివస్తుందన్న నమ్మకంతో మన మెట్ట భూముల నుంచి వాటిని ఏరుకుపోతున్నారు. అంతర్జాతీయ వ్యాపారాన్ని అరికట్టడానికి 2019లో దాన్ని సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం మొదటి అనుబంధంలోకి చేర్చారు. పిల్లలు పొలం నుంచి ఒకటి తెస్తే తెచ్చిన చోటే వదిలిపెట్టించండి. గాయపడినది దొరికితే అటవీ శాఖకు చెప్పండి. ‘రెండు రోజులు ఉంచి పంపుదాం’ అని మీ దగ్గరున్న విదేశీ తాబేలు పక్కన పెట్టారంటే, అది అడవికి తిరిగి వెళ్లేటప్పుడు కొత్త రోగాన్ని మోసుకెళ్లవచ్చు.

విదేశీ జాతులకూ కాగితాలు కావాలి. ఇగువానా, బాల్ పైథాన్ (ఆఫ్రికా కొండచిలువ), సల్కాటా తాబేలు (ఆఫ్రికాది), రెడ్‌ఫుట్ తాబేలు (దక్షిణ అమెరికాది) ఇవన్నీ సైటిస్ జాబితాలో ఉన్నాయి. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం ఇలాంటి జంతువు మీ దగ్గరుంటే కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చెన్నై, బెంగళూరు రెండూ మనకు దగ్గరే కాబట్టి ఎక్కువమంది అక్కడి నుంచే తెచ్చుకుంటారు. ఎక్కడ పుట్టింది, ఎవరి పేరున నమోదై ఉంది అని అడిగి, రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు చేతికివ్వండి. కాగితం చూపించలేని దుకాణంలో జంతువు ఎంత చవకైనా వద్దు.

‘అడవిలో కలిసే ఉంటాయి కదా’ అనే వాదన

దీనికి సమాధానం మన కొండల్లోనే ఉంది. శేషాచలంలో బంగారు బల్లి ఉంది, ఉడుము ఉంది, కొండచిలువ ఉంది. ఒకే అడవి. కానీ బంగారు బల్లి చల్లటి బండల నెర్రెల్లో, చెమ్మ ఉన్న నీడలో ఉంటుంది, చీకటి పడ్డాక కదులుతుంది. ఉడుము పట్టపగలు ఎండలో తిరుగుతూ బల్లులను, గుడ్లను, పిట్ట పిల్లలను వెతికి తింటుంది. ఆ రెండూ ఎదురుపడటమంటే ఒకదానికి ఆహారం దొరకటమే. 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు విస్తీర్ణం సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. అంత చోటులో ఒకదాని కంట ఒకటి పడకుండా తప్పించుకుంటూ బతికే ప్రాణులను నాలుగడుగుల గాజు పెట్టెలో చేర్చి, అడవిలోలాగే ఉంటాయని ఎలా అనుకుంటాం?

ఒక కాగితం మీద రెండు జంతువులనూ పక్కపక్కన రాయండి

ప్రతి జంతువుకూ ఆరు సంగతులు రాయాలి: పుట్టిన ప్రాంతం, ఎండకాగే చోట కావలసిన వేడి, చల్లటి మూల వేడి, గాలిలో తేమ, పగలు తిరిగేదా రాత్రి తిరిగేదా, ఏం తింటుంది. రాస్తే సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి.

ఉదాహరణకు బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి జాతి. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతాలది. ఎండకాగే చోట 38 నుంచి 42 డిగ్రీలు, చల్లటి వైపు 25 దగ్గర, తేమ 30, 40 శాతం. పక్కన బాల్ పైథాన్‌ను రాయండి. పశ్చిమ, మధ్య ఆఫ్రికాది. వెచ్చటి వైపు 31 నుంచి 33, తేమ 55 నుంచి 70 శాతం, రాత్రి తిరిగేది, తినేది ఎలుకలను. ఈ రెండిటికీ మధ్యస్థంగా ఒక వాతావరణం కుదుర్చుదామంటే అది ఇద్దరికీ పనికిరాదు. తేమ తగ్గితే పాము కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి, కంటి మీది పొర ఊడకుండా నిలిచిపోతుంది. తేమ పెరిగితే డ్రాగన్‌కు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ఆకలేసిన పాముకు చిన్న బల్లి జాతి ఏదైనా ఆహారంలాగే కనిపిస్తుందన్నది వేరే సంగతి.

కొన్ని జోడీల విషయంలో కాగితం కూడా అక్కర్లేదు. పామును బల్లి జాతితో, తాబేలుతో కలపకండి. పామును వేరే జాతి పాముతోనూ వద్దు. నేల తాబేలును నీటి తాబేలుతో కలపకండి: నేల తాబేలు లోతు నీటిలో మునిగిపోతుంది, నీటి తాబేలు దాని కాళ్లను కొరుకుతుంది. ఆఫ్రికా తాబేలును దక్షిణ అమెరికా తాబేలుతో కలపకండి. ఊసరవెల్లి జాతులను దేనితోనూ వద్దు, సొంత జాతితో కూడా. పక్కదాన్ని చూస్తూ ఉండటమే దానికి ఒత్తిడి. తిండి మానేసి కొన్ని వారాల్లో క్షీణించిపోతుంది.

వేసవిని ముందుగా లెక్కలోకి తీసుకోండి

చలి దేశాల వారి కోసం రాసిన సూచనలన్నీ వేడి ఎలా పుట్టించాలో చెబుతాయి. మనకు కావలసింది వేడిని ఎలా తగ్గించాలో. మేలో తిరుపతి ఉష్ణోగ్రత 40 దాటుతుంది, మేడపై గది సాయంత్రం దాకా కొలిమిలాగే ఉంటుంది. ఎడారి జంతువుకైనా దాక్కోవడానికి చల్లటి మూల లేకపోతే ఆ గదిలో ప్రాణం పోతుంది. కలిపి పెంచే ఆలోచన మన ఊళ్లో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

గది చల్లబరచడానికి మనకు రెండు దారులు: కూలర్, ఏసీ. కూలర్ గాలిలో తేమను పెంచుతుంది. ఇగువానాకు, రెడ్‌ఫుట్‌కు అది మంచిదే, వాటికి 60 నుంచి 80 శాతం తేమ కావాలి. అదే గదిలో బియర్డెడ్ డ్రాగన్ ఉంటే వారం తిరిగేసరికి నోరు తెరిచి బరువుగా ఊపిరి తీయడం మొదలుపెట్టవచ్చు. ఏసీ తేమను లాగేస్తుంది. డ్రాగన్‌కు సరే, ఇగువానా తోక చివర, వేళ్ల దగ్గర పాత చర్మం ఊడకుండా బిగుసుకుపోతుంది. బిగుసుకున్న చర్మం రక్తప్రసరణను ఆపి, ఆ వేలు నల్లబడి రాలిపోయేదాకా వస్తుంది. ఒకే స్విచ్చు ఒకదానికి మేలు, ఇంకొకదానికి కీడు చేసే పరిస్థితి అన్నమాట. అందుకే ఆ రెండు జంతువులు ఒకే తేమను కోరేవి కాకపోతే ఒకే ఎన్‌క్లోజర్ ఆలోచనే వద్దు. ఒకే గది కూడా కష్టమే.

కనీసం ఒక వారం పాటు, జంతువును తేకముందే, ఖాళీ ఎన్‌క్లోజర్‌లో మూడు చోట్ల థర్మామీటరు, తేమ మీటరు పెట్టి ఉదయం, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి రాసుకోండి. ఎండకాగే చోట ఒకటి, చల్లటి మూల నేల మీద ఒకటి, పై కొమ్మ ఎత్తులో ఒకటి. పై నుంచి కిందికి ఎంత తేడా ఉందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. వేడి దీపాలన్నిటినీ థర్మోస్టాట్‌కు (వేడిని అదుపులో ఉంచే పరికరానికి) కలపండి. వేసవి మధ్యాహ్నాల్లో వేడి దీపం అవసరమే ఉండకపోవచ్చు. గాజు తొట్టెను ఎండలో మాత్రం ఎప్పుడూ పెట్టకండి, నిమిషాల్లో లోపల ఉడికిపోతుంది. గాజు గుండా అతినీలలోహిత కిరణాలు సరిగా రావు కూడా.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు లెక్క తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనాల్లో రోజుల తరబడి ముసురు పడితే పొడి నేల జంతువులకు పొట్ట కింద పొలుసులు కుళ్లుతాయి. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో ఎన్ని ఇళ్లలోకి నీళ్లు వచ్చాయో చూశాం కదా. కింది అంతస్తులో నేల మీద ఎన్‌క్లోజర్ కట్టేవారు రెండడుగుల దిమ్మె వేసి కట్టండి. ప్లైవుడ్ ఆ చెమ్మకు ఉబ్బుతుంది, పీవీసీ బోర్డు వాడండి.

కంటికి కనిపించని ప్రమాదం

జంతువులు కొట్టుకోకపోతే చాలు, కలిసిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు. కొట్లాట కంటికి కనిపిస్తుంది కాబట్టి విడదీయవచ్చు. క్రిముల సంగతి అలా కాదు.

ఎంటమీబా ఇన్వాడెన్స్ అనే ఏకకణ జీవి ఉంది. ఆకులు తినే తాబేళ్ల పేగుల్లో అది ఏ హానీ చేయకుండా ఉండిపోగలదు. తాబేలు చలాకీగా ఉంటుంది, తింటుంది, పెరుగుతుంది. దాని మలం నుంచి అదే జీవి పాముకో, బల్లి జాతికో చేరితే పేగులను, కాలేయాన్ని కుళ్లబెట్టి ప్రాణం తీస్తుంది. ఆరోగ్యంగా కనిపించే తాబేలు నుంచే ఆ ముప్పు వస్తుంది. క్రిప్టోస్పోరిడియం కూడా అంతే మొండిది, మామూలు బ్లీచింగ్ ద్రావణానికి లొంగదు. పాముల మీది పేలు ఎన్‌క్లోజర్ దాటి పక్క గూడుకు పాకిపోతాయి. తాబేళ్లలో హెర్పిస్ వైరస్ ఒక జాతిలో నిద్రాణంగా ఉండి, వేరే జాతికి సోకితే చంపేస్తుంది. వేర్వేరు ఖండాల తాబేళ్లను కలపవద్దని పైన చెప్పింది ఇందుకే.

మనుషులకు సాల్మొనెల్లా ముప్పు ఎలాగూ ఉంది. అమెరికాలో నాలుగు అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించింది పిల్లలకు ఈ జబ్బు వస్తున్నందుకే. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, పెద్దవయసు వారు ఉంటే నీటి గిన్నెలను వంటింటి సింకులో కడగకండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మూడు నెలలు విడిగా

కొత్త జంతువును తెచ్చిన రోజు నుంచి కనీసం 90 రోజులు వేరే గదిలో ఉంచండి. అదే గదిలో వేరే తొట్టె అంటే సరిపోదు. అడుగున కాగితం పరచండి, మట్టి, కొబ్బరి పీచు వద్దు. కాగితం మీద మలం ఎలా ఉందో, పేలు ఉన్నాయో స్పష్టంగా తెలుస్తుంది. నీటి గిన్నెలో ఆవగింజ కన్నా సన్నటి నల్లటి చుక్కలు కనిపిస్తుంటే అవి పేలే. పటకారు, గిన్నెలు, తుడిచే గుడ్డ అన్నీ వేరు. రోజూ పాత జంతువు పని ముందు, కొత్తదాని పని చివర.

ఈ మూడు నెలల్లో మలాన్ని రెండు మూడు సార్లు పరీక్ష చేయించండి. ఒక్కసారి ఏమీ కనిపించలేదంటే లేనట్టు కాదు, ఈ జీవులు రోజూ బయటపడవు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. సరీసృపాలను చూసే వైద్యుడు ఏ రోజు ఉంటారో ముందుగా ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. నమూనాను చిన్న మూత డబ్బాలో, ఎండిపోకుండా, అదే రోజు ఇవ్వాలి. వారానికోసారి వంటింటి త్రాసు లాంటి చిన్న త్రాసుతో బరువు తూచి రాయండి. బాగా తింటున్నట్టు కనిపిస్తూనే బరువు తగ్గుతుంటే పరీక్ష ఆలస్యం చేయకండి.

నేను సమర్థించే ఏర్పాటు: ఒకే కట్టడం, మధ్య గోడ

చూడటానికి ఒకటే, లోపల రెండు. పొడవాటి ఎన్‌క్లోజర్ కట్టించి మధ్యలో కదలని అడ్డుగోడ పెట్టించండి. కింద ఒక అడుగు ఎత్తు వరకు ఆవలివైపు కనిపించని బోర్డు ఉండాలి. తాబేలుకు గాజు అడ్డమని అర్థం కాదు, రోజంతా దాన్నే తోస్తూ తిరుగుతుంది. పైన గాజైనా సరే. గాలి జాలీలు రెండు గదులకూ వేరువేరుగా, ఎదురెదురుగా లేకుండా పెట్టించండి. నీరు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు కారకుండా అంచులను సిలికాన్‌తో మూయించాలి. దీపాలు, థర్మోస్టాట్, పనిముట్లు ఎవరివి వారికే. వడ్రంగికి ఈ మాటలన్నీ నోటితో చెప్పి వదిలేయక బొమ్మ గీసి ఇవ్వండి.

కలిపే తీరాలంటే: ఇగువానా, రెడ్‌ఫుట్

ఈ ఒక్క జోడీ గురించే వివరంగా రాస్తాను, ఎందుకంటే కాగితం మీద కాస్తయినా కలిసేది ఇదే. రెండూ దక్షిణ అమెరికా అడవి అంచులకు చెందినవి, రెండూ పగలు తిరిగేవి, తేమ కోరేవి. ఒకటి కొమ్మల మీద, ఒకటి నేల మీద.

చోటు విషయంలో బేరం లేదు. పెరిగిన ఇగువానా తోకతో కలిపి ఐదడుగులు దాటుతుంది. కనీసం పదడుగులు పొడవు, ఎనిమిదడుగులు వెడల్పు, ఏడడుగుల ఎత్తు. అంటే ఒక చిన్న గదే. అంత లేకపోతే మధ్య గోడ దగ్గరికి వెనక్కి వెళ్లండి.

అసలు కష్టం ఎక్కడ వస్తుందంటే, ఇగువానా పై నుంచి మలవిసర్జన చేస్తుంది, చాలాసార్లు నీటి తొట్టెలోనే. కింద రెడ్‌ఫుట్ ఆ నీళ్లే తాగుతుంది, దొరికితే మలాన్నీ తింటుంది. కాబట్టి ఇగువానా ఎక్కువసేపు కూర్చునే కొమ్మలకు సరిగ్గా కింద తాబేలు తిండి పళ్లెం గానీ, నీళ్లు గానీ, దాక్కునే పెట్టె గానీ ఉండకూడదు. కొమ్మలను ఒకవైపు గోడకు జరిపి, వాటి కింద కడగడానికి వీలైన ట్రే పెట్టి, తాబేలు అటు రాకుండా ఆరంగుళాల గట్టు కట్టండి. ఇగువానా నీటి తొట్టె పైన అరుగు మీద, తాబేలుది కింద, లోతు తక్కువ పళ్లెంలో. రెండిటి నీళ్లూ రోజూ మార్చాలి, ఖరాబైతే వెంటనే.

తిండి కూడా వేరే. ఇగువానా పూర్తిగా ఆకులు తినేది. రెడ్‌ఫుట్‌కు అప్పుడప్పుడు కొద్దిగా ఉడికించిన గుడ్డో, వానపామో ఇస్తాం. ఇగువానా దిగివచ్చి దాన్ని అలవాటుగా తింటే కొన్నేళ్లలో మూత్రపిండాలు పాడవుతాయి. ఆ రోజుల్లో తాబేలును బయటికి తీసి టబ్బులో పెట్టి తినిపించండి. ఆకుల విషయంలో మన ప్రాంతం అదృష్టం చేసుకున్నది: పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు పట్టుపురుగుల కోసం మల్బరీ తోటలు వేస్తారు. మల్బరీ ఆకు ఈ రెండిటికీ శ్రేష్ఠం. ఎప్పుడు మందు కొట్టారో రైతును అడిగి, కడిగి పెట్టండి. మందార ఆకులు, పూలు, మునగాకు, గుమ్మడి పెట్టవచ్చు. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ, అది కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు, రోజూ వద్దు.

యూవీబీ (అతినీలలోహిత కిరణాల) దీపం ఒకటి పై కొమ్మ దగ్గర పెడితే నేల మీది తాబేలుకు అందదు. కింద ఇంకొకటి కావాలి. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాలి, వెలుగు వస్తున్నా ఆ కిరణాలు తగ్గిపోతాయి. శీతకాలంలో ఉదయం ఎండలో జాలీ గూడు పెట్టగలిగితే అంతకన్నా మంచిది లేదు, సగం నీడ తప్పనిసరి.

కలిపే రోజు ఎన్‌క్లోజర్ లోపలి కొమ్మలను, బండలను అటూ ఇటూ మార్చండి. పాతదానికి కూడా చోటు కొత్తగా అనిపిస్తే అధికారం చలాయించే అవకాశం తగ్గుతుంది. మీరు ఇంట్లో ఉండే సెలవు రోజు ఉదయం, రెండిటికీ తిండి పెట్టాక, కొన్ని గంటలు మాత్రమే కలపండి. రాత్రికి విడదీయండి. ఇలా కొన్ని వారాలు గడిచాకే రాత్రి ఉంచడం. ఇగువానా తోక ఊపి కొట్టడం, గొంతు తోలు చాచి తల ఊపడం, తాబేలు పెట్టెలోంచి బయటికి రాకపోవడం, ఎండకాగే చోటికి ఒకటే వెళ్లడం, ఏదో ఒకటి తిండి తగ్గించడం, వీటిలో ఏది కనిపించినా విడదీయండి. మగ ఇగువానా సంతానోత్పత్తి కాలంలో అంతవరకూ లేని కోపం చూపిస్తుంది. ఏడాదంతా బాగున్నా ఆ నెలల్లో దాన్ని విడిగా పెట్టాల్సిందే.

అందుకే రెండో గూడు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. మడిచి అటక మీద పెట్టినది లెక్కలోకి రాదు. దీపం, థర్మోస్టాట్ బిగించి, స్విచ్చు వేస్తే గంటలో వేడెక్కేలా ఉండాలి. వేసవిలో కరెంటు పోతే ఒక గంట ఫ్యాను తిప్పేంత ఇన్వర్టరు కూడా పెట్టుకోండి.

ఇక పెంచలేని పరిస్థితి వస్తే జంతువును స్వర్ణముఖిలో గానీ, ఊరి చెరువులో గానీ, గుడి కోనేటిలో గానీ, కొండ కింద గానీ వదలకండి. దుకాణాల్లో దొరికే ఎర్రచెవి నీటి తాబేలు చాలా దేశాల్లో ఇలాగే చెరువుల్లోకి చేరి స్థానిక తాబేళ్ల చోటును, తిండిని లాక్కుంది. తీసుకోగలిగే మనిషిని వెతికి, చేతులు మారిన సంగతిని పోర్టల్‌లో నమోదు చేయించి అప్పగించండి. ఎవరూ దొరకకపోతే అటవీ శాఖ కార్యాలయంలో మీ నమోదు కాగితం చూపించి, ఏం చేయాలో అడగండి.